కలప లేని కప్పు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. గోడలకు మట్టి ఎక్కడైనా దొరుకును. కప్పు దగ్గరే చేయి కాలును. కలపో, ఇనుమో, సిమెంటో కొనక తప్పదు. ఈ చిక్కుకు ఎడారి ప్రజల వద్ద జవాబు వెదకిన ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ (1900–1989).

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ దేశాన కలప, ఉక్కు కరువైనవి. ఫతీ పచ్చి ఇటుకలతో, సెంట్రింగు లేకుండా కమాను కప్పులు వేయించబోగా కూలిపోయినవి. నూబియా మేస్త్రీలకు ఆ విద్య తెలుసునని సోదరుడు చెప్పగా, 1941లో అస్వాన్ వెళ్లి చూచినాడు. గదికి ఒక చివర గోడను ఎత్తుగా లేపి, మొదటి కమాను వరుసను దానికి ఏటవాలుగా ఆనించెదరు. తరువాతి వరుస దానిపై వాలును. గడ్డి ఎక్కువ కలిపిన ఇటుక తేలిక. దానిపై వ్రేళ్లతో గీచిన గాట్లు తడిమట్టిని పట్టి ఉంచును. లక్సర్ వద్ద రామెసియం ధాన్యపు కొట్లు ఇట్టివే. మూడు వేల ఏండ్లు దాటినా కొన్ని కప్పులు నేటికీ నిలిచి ఉన్నవి.

చల్లదనం మాటేమి? 1964లో కైరోలో నమూనా గదులు కట్టి కొలిచినారు. అర మీటరు మందం పచ్చి ఇటుక గోడల గదిలో రేయింబవళ్ల తేడా 2 డిగ్రీలు మించలేదు. 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకల గది 36 డిగ్రీలకు చేరినది. డాబా కింద వేసవి గడిపే మనకు ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు.

అయినను కథ అంత సుఖంగా సాగలేదు. లక్సర్ ఎదుట ప్రాచీన సమాధుల కొండపై గుర్నా గ్రామముండెను. సమాధుల సొత్తు పోవుచున్నదని ప్రభుత్వం ఆ ఊరిని తరలించదలచి, 1945లో కొత్త గుర్నా నిర్మాణం ఫతీకి అప్పగించినది. ఇండ్లకు మన మండువా వంటి ముంగిళ్లు, బడికి పైగాలిని పట్టి గదిలోకి దింపే గాలిగూడు అమర్చినాడు. కాని గ్రామస్థులు రాలేదు. వారి బ్రతుకుతెరువు ఆ కొండతోనే ముడిపడి ఉండెను. ఫతీ వారి అవసరాలు తెలుసుకొన యత్నించినా, తరలింపు నిర్ణయం వారిది కాదు. మూడేండ్లకు పని ఆగినది. అనుకొన్న ఊరిలో కొంతే లేచినది.

విద్య మాత్రం ఆగలేదు. 1989లో ఆరోవిల్‌లో నెలకొన్న మట్టి నిర్మాణ సంస్థ, నూటికి 5 పాళ్లు సిమెంటు కలిపి అదిమిన మట్టి దిమ్మెలతో నూబియా రీతి కప్పులు వేయుట నేర్పుచున్నది. తమిళనాట ఉన్న మన సోదరులు వెళ్లి చూడవచ్చును.

మనమూ ఊరు విడిచి వచ్చినవారమే. ఐతే ఉద్యోగం కొరకో, వ్యాపారం కొరకో మనంతట మనం బయలుదేరినాము. గుర్నా వారికి ఆ భాగ్యం లేకపోయినది. చల్లని ఇంటికి మందమైన గోడ ఎంత అవసరమో, అందులో కాపురముండే వారి సమ్మతియు అంతే అవసరము. మన వారు స్థలాలు కొని ఇండ్లు తలపెట్టునపుడు మేస్త్రీ అనుభవమును, ఇల్లాలి మాటను ముందు వినెదరు గాక! ఈ ఉగాది మీ ఇండ్లకు నీడను, చలువను ఇచ్చుగాక!