చెన్నపట్టణపు భోజనశాలలు: పంక్తినుండి బల్లకు

చెన్నపట్టణమునకు క్రొత్తగా వచ్చిన బాటసారి మొదట నడుగునది "భోజన మెక్కడ?" అని. నేడు దీనికి రుచినిబట్టియు వెలనుబట్టియు సమాధానము చెప్పుదురు. నూరేండ్ల క్రిందట "మీరెవరు?" అను ఎదురుప్రశ్నకు బదులు చెప్పినగాని ఆ సమాధానము లభించెడిది కాదు. ఈ రెండవ ప్రశ్న ఎట్లు తొలగెనో, ఎంతవరకు తొలగెనో, భోజనశాలలకు గల పేర్ల ననుసరించి పరిశీలింపదలచితిమి.

వెలకు అన్నము పెట్టు తావునకు మన భాషలో గల పాతపేరు పూటకూళ్ళయిల్లు. పూటకింత యని రొక్క మిచ్చి తిను కూడు పూటకూడు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమునందు, ఓరుగంటిలో ఒక రూకకు లభించు పూటకూటి భోజనము వర్ణింపబడినది. కనుక ఈ వృత్తి ఆంగ్లేయుల రాకతో పుట్టినది కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునందలి పూటకూళ్ళమ్మ వితంతువు. వేరొక ఆధారము లేని స్త్రీకి వంటనేర్పే జీవనోపాధి యగుట ఆ పాత్రవలన తెలియుచున్నది. ఇచట 'ఇల్లు' అను మాట గమనింపదగినది. వెల యిచ్చినను, తినువాడు ఒక యింటి పంక్తిలో కూర్చుండవలసినవాడే. ఆ పంక్తికి తగినవా డెవడో నిర్ణయించునది రొక్కము కాదు, కులము.

1639లో దామెర్ల నాయకుల వలన ఆంగ్లేయులు పొందిన తీరభూమిపై పెరిగిన ఈ పట్టణమున, పూటకూళ్ళతోబాటు సత్రములును వెలసినవి. సత్రమున వెల లేదు గాని పంక్తిభేదము కలదు. ఇందుకు భిన్నమైనది కంజితొట్టి. హైదరాలీతోడి యుద్ధకాలమున కరవు రాగా, 1782లో ఆకలిగొన్నవారికి గంజి పోయుటకై ఏర్పడిన ఈ తావే మణియకారు సత్రమను పేర స్థిరపడెను. చెన్నపట్టణవాసియగు ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేసి, మజిలీలయందు సత్రములు, అంగళ్ళు, నీటివసతి గలవో లేవో వ్రాసియుంచిరి. వండుకొనుటకు వలయు సామగ్రి దొరకునా యనునదే ఆనాటి యాత్రికుని చింత. 

1856లో రాయపురమునుండి రైలు నడువసాగెను. కచేరీలును కళాశాలలును పెరిగినవి. ఇల్లు విడిచి వచ్చిన గుమాస్తాలకును విద్యార్థులకును పూటకూటి పంక్తి చాలదయ్యెను. ఇరువదవ శతాబ్దిలో కాఫీ హోటలు ఆ లోటు తీర్చెను. ఇందు ఉడుపి ప్రాంతమునుండి వచ్చిన వంటవారిది పెద్దచేయి. కె. కృష్ణారావుగారు 1938లో రాయపేటలో నెలకొల్పిన ఉడ్‌లాండ్స్ వీటిలో మిక్కిలి పేరొందినది. వండువాడు బ్రాహ్మణు డైనచో ఆ వంట అన్ని కులములవారికిని సమ్మతము. ఈవిధముగా ఆచారమే వ్యాపారమునకు తోడ్పడెను. పంక్తి పోయి బల్ల వచ్చెను. అయినను అనేకములగు హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరుగది యుండెను. అస్పృశ్యులని యెంచబడినవారికి తరచుగా ప్రవేశమే లేకుండెను. వంటయందు జనులను చేర్చిన ఆచారమే కూర్చుండుటయందు విడదీసెను.

ఈ గోడ తనంతట కూలినది కాదు. ఎం.సి. రాజాగారి పూనికతో 1938లో మద్రాసు శాసనసభ పౌర అనర్హతల తొలగింపు చట్టమును చేసెను. దక్షిణదేశపు రైల్వే భోజనశాలలలోని వేరు పంక్తులు 1941లో రద్దయినవి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున, అంగళ్ళలోను హోటళ్ళలోను కులమునుబట్టి యెవరిని అడ్డగింపరాదని స్పష్టముగా శాసించెను. 1955 నాటి అస్పృశ్యతానేరముల చట్టము అట్టి యడ్డగింపును శిక్షార్హము గావించెను. అటుపిమ్మటను బోర్డులమీద కులనామము నిలిచియుండుటచే, 1957లో పెరియార్ అనుయాయులు తిరువల్లిక్కేణిలోని మురళీ కేఫ్ ఎదుట ఆందోళన సాగించిరి. భోజనశాలల చరిత్ర వ్రాయువారు వంటకములనే వర్ణించి ఈ ఘట్టములను విడుచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

వేరొక మార్గమున మాంసాహారశాలలు పెరిగినవి. వీనికి దక్షిణదేశమున 'మిలిటరీ హోటలు' అను పేరు వాడుకలోనికి వచ్చినది. 1951లో మౌంటురోడ్డున వెలసిన బుహారీ హోటలు అన్ని మతములవారిని ఆకర్షించెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి చెన్నపట్టణము మనకు దక్కకపోయినను, ఆంధ్రా మెస్సు ఆ నగరమున నిలిచినది. ఆకు పరచి, పప్పుపొడియు నెయ్యియు గోంగూరయు ఆవకాయయు వడ్డించు ఆ భోజనమునకై తమిళులును వేచియుందురు. రాష్ట్రపు సరిహద్దులు గీచినవారు నాలుకకు సరిహద్దు గీయజాలరైరి.

అయినచో రెండవ ప్రశ్న పూర్తిగా తొలగినదా? నగరమున నేటికిని 'హైక్లాసు వెజిటేరియన్' అను బోర్డులు కనబడును. కులనామము చెరిగినచోట 'హైక్లాసు' అను మాట కూర్చున్నదేమో యని మాకు తోచుచున్నది. మరొకవంక, 2013లో నగరపాలక సంస్థ వార్డులలో తెరచిన అమ్మ ఉణవగములలో ఒక రూపాయికి ఇడ్లీ పెట్టసాగిరి. అచట బండి లాగువాడును గుమాస్తాయు ఒకే వరుసలో నిలిచి తినిరి. కంజితొట్టి యందు ఆకలియే అర్హతగా నుండెను. క్రీడాభిరామపు పూటకూటియింట రూక చెల్లెను. ఈ రెండును ఒకచోట కలియుటకు చాలకాలము పట్టినది. కనుక "భోజన మెక్కడ?" అని యడుగు నేటి బాటసారి, తన్ను "నీవెవరు?" అని యడుగని బల్ల యొద్ద కూర్చున్నప్పుడు, ఆ బల్ల ఊరక లభించినది కాదని యెరుంగుట యుక్తము.