కలకత్తా విశ్వవిద్యాలయ ధర్మనిధి ఉపన్యాసములు

విశ్వవిద్యాలయ చరిత్రలను వ్రాయువారు సాధారణముగా శాసనసభలు చేసిన చట్టములను, భవనములను, ఉపాధ్యక్షుల పరంపరను, పట్టభద్రుల సంఖ్యలను విపులముగా పేర్కొందురు. ఆ విద్యాపీఠమున బహిరంగముగా జరిగిన ఉపన్యాసములకు గ్రంథము చివర నొక పట్టికతో సరిపుచ్చుట పరిపాటి. కలకత్తా విశ్వవిద్యాలయ విషయమున నీ పద్ధతి చాలదని మా అభిప్రాయము. 1857 జనవరి 24వ తేదీన స్థాపితమైన ఆ సంస్థ తొలి అర్ధశతాబ్దమున పరీక్షలు జరిపి పట్టములొసగు సంస్థయే గాని పాఠము చెప్పు సంస్థ కాదు. పాఠములు చెప్పినవి కళాశాలలు. స్నాతకోత్సవ ప్రసంగములను మినహాయించినచో, ఆ కాలమున విశ్వవిద్యాలయము తన పేర తాను నోరు విప్పిన సందర్భములు మిక్కిలి తక్కువ. అట్టివానిలో ముఖ్యమైనది ఒక వీలునామా మూలమున ఏర్పడినది. కావున బోధనకు ఉపన్యాసము అనుబంధముగా వచ్చినదనుట కంటె, కలకత్తాలో ఉపన్యాసమే ముందు వచ్చి బోధన దాని వెనుక వచ్చినదనుట సత్యమునకు సమీపము.

ఆ వీలునామా వ్రాసినవాడు ప్రసన్నకుమార ఠాకూరు (1801-1868). సదరు దివానీ అదాలతులో ప్రభుత్వ న్యాయవాదిగా పేరును ధనమును గడించిన జమీందారు. మిథిలాదేశమున ప్రమాణమైన 'వివాద చింతామణి'ని ఆంగ్లీకరించి 1863లో ప్రకటించిన పండితుడు. 1862 అక్టోబరు 10వ తేదీన వ్రాసిన వీలునామాలో ఆయన తన ఆస్తినుండి నెలకు వేయి రూపాయలు విశ్వవిద్యాలయమునకు చెందునట్లు ఏర్పాటు చేసి, 'ఠాకూరు న్యాయశాస్త్రాచార్య' పదవిని కల్పించెను. ఈ దానమునకు ఆయన పెట్టిన నిబంధనలు పరిశీలింపదగినవి. ఆచార్యుడు కలకత్తా నగరమున ఏటేట ఒక సంపూర్ణమైన ఉపన్యాస పరంపరను చేయవలెను. విద్యార్థులును, వినగోరి వచ్చు ఇతరులును రుసుము చెల్లింపనక్కర లేదు. ఉపన్యాసములు ముగిసిన ఆరు నెలలలో వానిని ముద్రింపించి, ఐదువందల ప్రతులకు తక్కువ గాకుండ ఉచితముగా పంచిపెట్టవలెను.

దాతలు సాధారణముగా తమ పేరు నిలుచుటను కోరుదురు. చెప్పినమాట నిలుచుటను గూర్చి తలపోయుదురా యన్నది సందేహము. ప్రసన్నకుమారుడు న్యాయవాది. నోటిమాటకును వ్రాతమూలమునకును గల భేదము ఆయనకు వృత్తివలన తెలిసినది. ఆరు నెలల గడువును, ఐదువందల సంఖ్యను వీలునామాలోనే చేర్చుట ఆ తెలివికి ఫలమని మేము తలచుచున్నాము.

ఇదే వీలునామాకు మరియొక ముఖము కలదు. ప్రసన్నకుమారుని ఏకైక కుమారుడు జ్ఞానేంద్రమోహనుడు 1851లో క్రైస్తవమతమును స్వీకరించెను. తండ్రి ఆయనకు వీలునామాలో ఏమియు నొసగక, ఆస్తిని తన సోదరపుత్రుడైన యతీంద్రమోహనునికి జీవితకాలమునకును, ఆ పిదప ఇంకను పుట్టని పురుషసంతతికి తరతరముల వరుసను చెందునట్లును కట్టుదిట్టము చేసెను. కుమారుడు వ్యాజ్యము వేసెను. అది ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1872లో వెలువడిన తీర్పు ప్రకారము, దాత మరణకాలమునకు పుట్టని వారికి చేసిన దానము హిందూధర్మశాస్త్రము ననుసరించి చెల్లదు. ఆ శాస్త్రమెరుగని క్రొత్తవిధమైన వారసత్వమును వ్యక్తి తన ఇచ్చవచ్చినట్లు సృష్టింపరాదు. యతీంద్రమోహనుని జీవితకాలము ముగిసిన పిమ్మట ఆస్తి వారసుడైన కుమారునికే చెందవలసినదయ్యెను. వీలునామాలు వ్రాయుటలో ఆరితేరిన న్యాయవాది వీలునామాయే న్యాయస్థానమున వీగిపోవుట విచిత్రమే. కాని చరిత్రకారునికి ఇంతకంటె విచిత్రమైన సంగతి వేరొకటి యున్నది. తన వంశమునకు శాశ్వతముగా కట్టిపెట్టదలచినది నిలువలేదు, విద్యకిచ్చినది నిలిచినది. మరియు 1898లో ఆ ఠాకూరు ఆచార్యపీఠము నధిష్ఠించిన యువకుడు తన ఉపన్యాసములకు ఎన్నుకొన్న విషయము, ఆస్తిని తరతరములకు కట్టివేయుటను నిషేధించు న్యాయసూత్రము. దాత పేరిట ఏర్పడిన పీఠమునుండి, దాత వీలునామాను పడగొట్టిన సూత్రమునే వివరించిన ఆ యువకుడు ఆశుతోష ముఖర్జీ. ఆ ఉపన్యాసములు 1902లో గ్రంథరూపమున వెలువడినవి. అట్టి విషయమును ఆ పీఠమునుండి నిరాటంకముగా చర్చింప గలుగుటయే విశ్వవిద్యాలయ లక్షణమని వేరుగ చెప్పనక్కర లేదు.

ఈ పీఠము నలంకరించిన వారిలో మొదటివాడు 1870లో హెర్బర్టు కొవెల్. తరువాతివారి నందరిని పేర్కొనుట ఇచ్చట మా ఉద్దేశము కాదు. తనఖా న్యాయమును గూర్చి 1875-76లో రాసబిహారీ ఘోషు, వివాహ స్త్రీధనములను గూర్చి 1878లో గురుదాస బెనర్జీ, మోసమునకు సంబంధించిన న్యాయమును గూర్చి 1894లో ఫ్రెడరిక్ పోలక్, మను యాజ్ఞవల్క్యులను గూర్చి 1917లో కాశీప్రసాద్ జయస్వాల్, 1948లో అమెరికా దేశీయుడైన రాస్కో పౌండు ఉపన్యసించిరి. 1951లో బి. కె. ముఖర్జియా హిందూ ధార్మిక సంస్థల న్యాయముపై చేసిన ఉపన్యాసములు నేటికిని న్యాయస్థానములలో ఉదాహృతమగుచున్నవి.

సాహిత్య విద్యార్థులకు వీరిలో మిక్కిలి ఆసక్తి కలిగింపదగినవాడు జర్మను పండితుడు జూలియస్ జాలీ. ఆయన 1883లో విభాగము, దాయము, దత్తత అను మూడు విషయముల చరిత్రను ఉపన్యసించి 1885లో గ్రంథముగా ప్రకటించెను. అంతకు పూర్వము న్యాయవాదులకు ధర్మశాస్త్రము ప్రధానముగా తీర్పుల సంపుటి. వ్యాజ్యమున అక్కరకు వచ్చినంతవరకే దాని ప్రామాణ్యము. జాలీ దానిని స్మృతులు, వ్యాఖ్యలు, నిబంధ గ్రంథములు అను క్రమమున కాలానుసారముగా పెరిగిన వాఙ్మయముగా చూపెను. నారదస్మృతిని పరిష్కరించినవాడగుటచే ఆయనకు వ్రాతప్రతుల పరిచయము పుష్కలముగా నుండెను. ఈ సందర్భమున మన కేతన స్మరణకు రాక మానడు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దముననే తెనుగు పద్యములలో సంగ్రహించి 'విజ్ఞానేశ్వరీయము' రచించిన కేతన, శాస్త్రమును దేశభాషలో సామాన్యులకు వినిపింపదలచినవాడు. ఠాకూరు ఉపన్యాసములు ఉచితములే. అవి వినుటకు తలుపులు తెరచియే యుండెను. కాని ఉపన్యాసములు ఇంగ్లీషున జరిగినవి. రుసుము లేకున్నను భాష యొక్క రుసుము ఉండనే ఉన్నది.

1904 నాటి చట్టమువలన విశ్వవిద్యాలయములకు స్వయముగా బోధింపగల అధికారము లభించినది. 1906 నుండి 1914 వరకును, మరల 1921 నుండి 1923 వరకును ఉపాధ్యక్షుడుగా నున్న ఆశుతోష ముఖర్జీ దానిని కాగితముమీద నుండనీయలేదు. ఉపన్యాసకుడుగా తాను పొందిన అనుభవము ఆయనకు ఇందు తోడ్పడియుండుననుట మా ఊహ. పూర్ణకాలపు ఆచార్యుల నియమించుటకు ధనము చాలని దినములలో విదేశపండితులను కొన్ని వారములకు రప్పించి ఉపన్యాసములు చేయించుట ఆయన అవలంబించిన మార్గము. భౌతికశాస్త్రము ముప్పదిమూడేండ్లలో సాధించిన అభివృద్ధిని గూర్చి ఆర్థర్ షుస్టరు 1908 మార్చిలో నాలుగు ఉపన్యాసములు చేసెను. 1913 జనవరి, ఫిబ్రవరులలో గణితశాస్త్రజ్ఞుడు ఫోర్సైత్ రెండు సంకీర్ణ చలరాశుల ప్రమేయములను గూర్చి ఉపన్యసించెను. ఈ రెండును కేంబ్రిడ్జిలో ముద్రితములైనవి. ఇంతలో తారకనాథ పాలితుడును, పూర్వము ఠాకూరు ఆచార్యుడైన రాసబిహారీ ఘోషును విజ్ఞానశాస్త్ర కళాశాలకు లక్షలకొలది రూపాయలు దానము చేసిరి. ఒక ధర్మనిధిచే పోషింపబడిన ఉపన్యాసకుడు ముప్పది యేండ్లు దాటిన పిదప తానే దాతయగుట గమనింపదగినది.

పాలితుని దానమువలన ఏర్పడిన భౌతికశాస్త్ర పీఠమునకు 1917లో చంద్రశేఖర వేంకటరామను వచ్చెను. 1928 ఫిబ్రవరి 28న ఆయన కలకత్తాలో గుర్తించిన కాంతిపరిక్షేప విశేషమును సవిస్తరముగా ప్రకటించినది మార్చి 16న బెంగుళూరులో చేసిన ఉపన్యాసమున. ఆ ఉపన్యాసమును కలకత్తాలోని తమ పత్రికలో వెంటనే అచ్చువేయించి దేశాంతరముల శాస్త్రజ్ఞులకు పంపిరి. ప్రసన్నకుమారుడు ఆరు నెలల గడువిచ్చెను. రామను ఆరు వారములు కూడ ఆగలేదు. పరిశోధన విషయమున ముందు చెప్పినవానికంటె ముందు ముద్రించినవానికి ప్రాధాన్యమని ఆయనకు బాగుగ తెలియును.

మానవీయశాస్త్రములకు వచ్చినచో, 1918లోను 1923లోను దేవదత్త రామకృష్ణ భండార్కరు చేసిన కార్మైకేల్ ఉపన్యాసములు ప్రాచీన భారతచరిత్ర విద్యార్థులకు చిరకాలము పాఠ్యములైనవి. రెండవ పరంపరయే 'అశోకుడు'. దినేశచంద్ర సేనుని సంగతి కొంత ఆగి చూడవలసినది. ఆయన వంగభాషా సాహిత్యచరిత్రను 1896లోనే వంగభాషలో రచించినవాడు. అదే విషయమును విశ్వవిద్యాలయమున ఉపన్యసించి 1911లో ప్రకటించినపుడు ఆ గ్రంథము ఇంగ్లీషులో నున్నది. వంగదేశమున, వంగీయుల సభలో, వంగసాహిత్యమును గూర్చి ఇంగ్లీషున ప్రసంగము! దీనిని ఆయన లోపముగా మేమెంచము. అది ఆ వేదిక యొక్క నియమము. వంగభాష ఎం. ఏ. పరీక్షకు విషయమైనది 1919లో గదా.

ఈ నియమమును సడలించినది మరల ఆశుతోషుడే. ఆయన కుమార్తె కమల బాల్యవితంతువు. 1908లో ఆమెకు పునర్వివాహము చేయించి ఆయన స్వజనుల నిరసనకు గురియయ్యెను. 1923లో ఆమె మరణించినది. ఆమె పేర ఆయన నెలకొల్పిన కమలా ఉపన్యాసములు భారతీయ జీవనమును, భావనను తులనాత్మకముగా చర్చింపవలెననియు, వంగభాషయందు గాని ఇంగ్లీషునందు గాని యుండవచ్చుననియు నిబంధన. 1924 మే నెలలో ఆశుతోషుడును గతించుటచే వాని ఆరంభమును చూడలేదు. 1924-25లో అనీబిసెంటును, 1926లో శ్రీనివాసశాస్త్రియు ఇంగ్లీషున ఉపన్యసించిరి. వంగభాషకిచ్చిన స్వేచ్ఛ సఫలమైనది 1933లో, రవీంద్రనాథ ఠాకూరు 'మానవధర్మము'ను గూర్చి వంగభాషలో ఉపన్యసించినపుడు.

ఇచ్చట మన ప్రాంతపు చరిత్ర వచ్చి కలియుచున్నది. 1921 నుండి కలకత్తాలో తత్త్వశాస్త్రాచార్యుడుగా నుండి, 1926లో ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో అప్టన్ ఉపన్యాసములు చేసి కీర్తి గడించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై వాల్తేరు వచ్చెను. కలకత్తా సంప్రదాయమును ఆయన వెంట తెచ్చెనని చెప్పుటకు సందేహింపనక్కర లేదు. 1933 డిసెంబరులో రవీంద్రుడు వాల్తేరు వచ్చి అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ధర్మనిధి ఉపన్యాసములు చేసెను. విషయము మరల 'మానవుడు'. వానిని విశ్వవిద్యాలయము 1937లో ముద్రించినది. అయితే అదే సంవత్సరమున కలకత్తాలో వంగభాషలో పలికిన కవి వాల్తేరులో ఇంగ్లీషున పలికెను. ఇది అనివార్యము, ఆయనకు తెలుగు రాదు, మనకు వంగము రాదు.

కాని ఆంధ్ర విశ్వవిద్యాలయము దేశభాషోపన్యాసమునకై రవీంద్రుని రాక వరకు వేచియుండలేదు. కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడుగా నున్న కాలమున, 1928లో, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ విశ్వవిద్యాలయ పక్షమున అనంతపురమున వేమనను గూర్చి తెలుగున ఉపన్యాసములు చేసిరి. అవి మరుసటి యేడు 1929లో గ్రంథమైనవి. రవీంద్రుని కమలా ఉపన్యాసములకు ఇది ఐదేండ్ల పూర్వము. ఇందు మేము గర్వమునకై ఈ సంవత్సరములను లెక్కించుట లేదు. వేమనను గూర్చి అంతవరకు లోకమున ప్రచారమందున్న కట్టుకథలను విడదీసి, పద్యములనుండియే కవిని నిరూపింపజూచిన ఆ ప్రసంగములు గ్రంథరూపమున నుండుటచేతనే తరువాతి పరిశోధకులు వానితో ఏకీభవించుటకును విభేదించుటకును వీలు కలిగినది. చెప్పినచోట వినినవారు కొందరు. చదివి వాదించినవారు మూడు తరములవారు.

మేము పరిశోధక విద్యార్థులుగా నున్న దినములలో ఒక విశ్వవిద్యాలయమున మూడుదినముల ధర్మనిధి ఉపన్యాసములు వినుటకు పోయితిమి. వక్త వయోవృద్ధుడైన పండితుడు. విషయము వీథినాటకముల భాష. తాను బాల్యమున చూచిన ప్రదర్శనములనుండి, ఏ ముద్రిత గ్రంథమునను లేని దరువులను, కటికవాని కేకలను ఆయన కాగితము చూడకుండ వినిపించెను. సభ నిండుగ నున్నది, శాలువ కప్పిరి, ఛాయాచిత్రములు తీసిరి. ముద్రణ విషయము మరుసటి సంవత్సరమున ఆ కార్యాలయమున విచారింపగా ప్రతి ఇంకను అందలేదనిరి. మూడవ సంవత్సరమున విచారింపగా అందినది గాని ఏ దస్త్రమున నున్నదో తెలియదనిరి. వక్త ఇప్పుడు లేరు. ఆ ఉపన్యాసములకు మాకు తెలిసినంతలో మిగిలిన ఆధారము మేము వ్రాసికొన్న నోటుపుస్తక మొక్కటియే. ఆయన ఉదాహరించిన దరువులలో పదునాలుగు దానియందున్నవి. వానిని పాఠభేదములతో ఈ పత్రిక రాబోవు సంచికలో ప్రకటింప సంకల్పించితిమి. మూడవనాటి ప్రసంగము మాత్రము సగమునుండి యున్నది. ఆనాడు మేమెక్కిన బస్సు ఆలస్యమైనది.