ప్యాకేజీల వైరమును, దాని మినహాయింపులును

రెండు సాఫ్టువేరు ప్యాకేజీలు ఒకే కంప్యూటరులో, ఒకే త్రోవలో, ఒకే పేరుగల ఫైలును నిలుపబూనినచో, రెండవది మొదటిదానిని తుడిచివేసి దాని పనిని చెరుచును. ఈ వైరమును ముందుగా పసిగట్టు పరీక్షను నిర్మించుటకంటెను, ఆ పరీక్ష వేనిని విడిచిపెట్టవలెనో నిర్ణయించుటకే హెచ్చు వివేకము కావలసివచ్చెనని డెబియన్ చరిత్రను పరిశీలించినవారికి తోపకపోదు.

1993 ఆగస్టులో, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న ఇయన్ మర్డాక్ డెబియన్ అను లినక్సు వ్యవస్థకు శ్రీకారము చుట్టెను. ఒకరి ముఖ మొకరు చూడని స్వచ్ఛందసేవకులు ఎవరికి వారుగా ప్యాకేజీలను కూర్చి పంపుచుండగా, ఒకరి ఫైలుపై మరియొకరి ఫైలు పడకుండ కాపాడు భారము డీపీకేజీ అను సాధనముపై పడెను. 1994లో మర్డాక్ షెల్ స్క్రిప్టుగా వ్రాసిన యీ సాధనము, పెర్ల్ భాషలోనికి మారి, పిదప ఇయన్ జాక్సన్ చేతిలో సీ భాషలో పునర్నిర్మాణము పొందెను. ఏ ఫైలు ఏ ప్యాకేజీకి చెందినదో పట్టికలో వ్రాసికొని, క్రొత్తగా వచ్చునది పరుల ఫైలుపై చేయి వేసినంతనే స్థాపనను నిలిపివేయుట దీని స్వభావము. ఇదిగాక, తనతో పొసగనివాని పేర్లను ‘కాన్‌ఫ్లిక్ట్స్’ అను వరుసలో ప్రకటించు వెసులుబాటును ప్యాకేజీకి కలదు.

అసలు చిక్కు ఉత్తరములు చేరవేయు ప్రోగ్రాములయొద్ద వచ్చెను. యూనిక్సు సంప్రదాయమున మెయిలు పంపగోరు ప్రోగ్రాములు సెండ్‌మెయిల్ అను పేరుగల ఫైలునే పిలుచును. ఎరిక్ ఆల్మన్ వ్రాసిన సెండ్‌మెయిల్ వాడుకలో నుండగనే, 1995లో కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ ఎగ్జిమ్‌ను, 1998లో ఐబీఎమ్ పరిశోధనాలయమునుండి వియెట్సె వెనెమా పోస్ట్‌ఫిక్స్‌ను వెలువరింపగా, అవియును ఆ పేరి ఫైలునే వెంట తెచ్చినవి. ఒక ఒరలో రెండు కత్తు లిమడవు గదా! అట్లని ప్రతి ప్యాకేజీయు తక్కినవాని పేర్లన్నియు వ్రాసికొనినచో, క్రొత్తది పుట్టినప్పుడెల్ల పాతవాని నన్నింటిని దిద్దవలసివచ్చును. అందువలన ‘మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్’ అను ఊహామాత్రమైన యొక ఉమ్మడిపేరు కల్పింపబడినది. ప్రతి ప్యాకేజీయు తాను ఆ పేరు గలదాననియు, ఆ పేరు గలవానితో తనకు పొసగదనియు ఏకకాలమున ప్రకటించును. కాని తర్కమును అక్షరశః పాటించినచో, అట్టి ప్యాకేజీ తనకు తానే శత్రువై, ఏ యంత్రమునందును స్థాపింపబడజాలదు. ఈ ముడిని విప్పినది డెబియన్ నియమావళిలోని మినహాయింపు: తన పేరితోగాని, తాను వహించిన ఉమ్మడిపేరితోగాని ప్రకటించుకొన్న వైరము ఆ ప్యాకేజీ స్థాపనకు అడ్డురాదు. ఇంత చిన్న మినహాయింపుతో, ఒకదాని పేరు మరియొకటి యెరుగకయే, ఆ కుటుంబమున ఒక్కటి మాత్రమే నిలుచు కట్టడి యేర్పడెను. ప్యాకేజీల చరిత్రలో ఇంతకంటె సుందరమైన యుపాయమును నేను చూడలేదు.

ఒక ప్యాకేజీలోని ఫైలు మరియొకదానికి తరలినప్పుడు ‘రీప్లేసెస్’ అను వరుస అనుమతి నిచ్చును. అందును ఏ ప్యాకేజీ, ఏ వెర్షనుకు ముందటిది, అని హద్దు గీయవచ్చును. 2013లో వెలువడిన డెబియన్ 7, ఒకే లైబ్రరీయొక్క 32 బిట్ల, 64 బిట్ల రూపములు ప్రక్కప్రక్కన నుండుటకు వీలు కల్పించి, అక్షరమైనను భేదింపని ఉమ్మడి ఫైళ్లను వైరపరీక్షనుండి తప్పించెను. 1998లో పుట్టిన లింటియన్ అను దోషపరీక్షకుడును ‘ఓవర్‌రైడ్’ ఫైలులో వ్రాసిన మినహాయింపులను మన్నించునుగాని, వానిలో దేనికిని పని లేకపోయినచో ఆ సంగతినిగూడ ఎత్తిచూపును.

వీనికి భిన్నమైనది ‘ఫోర్స్-ఓవర్‌రైట్’ అను ఆజ్ఞ. అది కారణ మడుగదు, హద్దు నెరుగదు. ఆ ఆజ్ఞతో జరుగు స్థాపనలో ఎదురైన ఫైలు నెల్ల తుడిచివేయును. తమ యంత్రమున స్థాపన నడుమ నిలిచినప్పుడు పాఠకులు ఆ యాజ్ఞకు చేయి చాపుటకు ముందు, ఆ ఫైలు ఏ ప్యాకేజీ సొత్తో డీపీకేజీని ‘సెర్చ్’ ఆజ్ఞతో అడిగి తెలిసికొందురుగాక.