ఇటుక మీద గిట్ట గుర్తు

పశ్చిమ ఇరాన్‌లో కెర్మాన్‌షా వైపు, జాగ్రోస్ కొండల నడుమ గంజ్ దరే అని ఒక చిన్న మట్టిదిబ్బ ఉంది. ఫార్సీలో గంజ్ అంటే నిధి, దరే అంటే లోయ. కెనడాకు చెందిన పురావస్తు శాస్త్రవేత్త ఫిలిప్ స్మిత్ 1960లలో ఈ దిబ్బను తవ్వడం మొదలుపెడితే బంగారం ఏమీ బయటపడలేదు. కుప్పలుగా మేకల ఎముకలు దొరికాయి. వాటితో పాటు కొన్ని మట్టి ఇటుకలు. ఇటుక ఇంకా పచ్చిగా ఉండగా దాని మీద ఏదో జీవం నడిచి వెళ్లింది. చీలిన గిట్ట గుర్తు దిగి, అలాగే ఆరిపోయింది. ఇటుకలు ఆరబెట్టిన వాకిట్లోనే మేకలు తిరిగాయన్న మాట. ఇది పదివేల ఏళ్ల నాటి సంగతి.

వాకిట్లో తిరిగినంత మాత్రాన పెంపుడు మేక అయిపోతుందా? పండితులకు అదే చిక్కు. మచ్చిక చేసిన జంతువు తరాలు గడిచేకొద్దీ చిన్నదవుతుందని, కాబట్టి చిన్న ఎముకలు కనిపిస్తే పెంపకం మొదలైనట్టేనని అప్పట్లో అనుకునేవారు. అమెరికా స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన మెలిండా జీడర్, తన సహచరుడు బ్రయాన్ హెస్సీతో కలిసి ఆ ఎముకలన్నీ మళ్లీ ముందేసుకుని, కొలతతో ఆగకుండా వయసూ ఆడామగా తేడా కూడా చూశారు. లేత మేక కాలి ఎముక చివరన ఉండే గుండు విడిగా ఊడివస్తుంది. వయసు ముదిరితే ఎముకకు అతుక్కుపోతుంది. ఆ లెక్కన చూస్తే గంజ్ దరేలో పోతులు చాలావరకు లేతగా ఉండగానే తెగాయి. ఆడమేకలు మాత్రం ముదిరేదాకా బతికాయి.

వేటగాడైతే ఇలా చేయడు. పెద్ద కొమ్ముల పోతునే గురిచూస్తాడు, మాంసం ఎక్కువ కదా. మంద ఉన్నవాడి లెక్క వేరు. మన ఊళ్లలో జాతరకో, బక్రీదుకో అమ్ముడుపోయేది పోతులే. పెంటి మేక ఈనినంత కాలం మందలోనే ఉంటుంది. విత్తనానికి ఒకటో రెండో పోతులు చాలు. జాగ్రోస్ కాపరీ మన కాపరీ వేసిన లెక్క ఒకటే. 2000లో ఈ సంగతి ‘సైన్స్’ పత్రికలో వచ్చాక, చిన్న ఎముకలన్న పాత కొలమానం పక్కకు పోయింది. ఆ ఎముకలు చిన్నగా కనిపించింది జంతువు కుదించుకుపోయి కాదు, ముదిరినవాటిలో ఎక్కువ ఆడవి కావడం వల్ల!

జన్యువుల సాక్ష్యం ఆ తర్వాత వచ్చింది. 2021లో గంజ్ దరే ఎముకలతో పాటు, జాగ్రోస్‌లోనే ఉన్న తెపె అబ్దుల్ హుసేన్ అనే మరో దిబ్బ ఎముకల డీఎన్‌ఏ కూడా చదివితే మేకలు రెండు గుంపులుగా విడిపోయాయి. ఎక్కువ భాగం నేటి పెంపుడు మేకలకు దగ్గరివి. కొన్ని మాత్రం అడవి మేకల వైపువి. ఒకే ఊరివాళ్లు మందనూ మేపారు, వేటకూ వెళ్లారు. క్రీస్తుపూర్వం 8200 నాటికే మంద అడవి నుంచి వేరుపడిపోయింది. చూపుకు మాత్రం ఇంకా అడవి మేకలాగే ఉండేది. ఆకారంలో మార్పు కనిపించడానికి మరో వెయ్యేళ్లు పట్టింది.

అలాగని మేకలన్నిటికీ పుట్టిల్లు గంజ్ దరే ఒక్కటే కాదు. మూలం బెజోర్ అనే అడవి మేకే అయినా, పశ్చిమాసియాలో ఒకచోట కాక వేర్వేరు చోట్ల వేర్వేరు మందలు పోగయ్యాయని 2018లో పురాతన జన్యువుల పరిశోధన తేల్చింది. తూర్పు మందల వారసత్వం ఆసియా మేకల్లో ఎక్కువ. మధ్యలో పొరుగు రక్తమూ కలిసింది. కాకసస్ కొండల్లో తిరిగే టూర్ అనే మరో అడవి మేక వైపు నుంచి వచ్చిన ఒక జన్యువు నేడు ప్రపంచంలోని దాదాపు అన్ని మేకల్లో ఉంది. దాని పేరు మ్యూక్6. కడుపులో పురుగులను తట్టుకునే శక్తి ఇస్తుంది. మందలు కిక్కిరిసే కొద్దీ పురుగుల బెడద పెరుగుతుంది గనుక, ఆ జన్యువు ఉన్నవే నిలిచాయి.

మన ఉపఖండానికి మేక చాలా తొందరగానే వచ్చింది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో తొమ్మిదివేల ఏళ్ల నాటి వ్యవసాయ గ్రామం బయటపడింది. అక్కడి సమాధుల్లో కొన్నిట్లో మనిషి పక్కన మేకపిల్లలను కూడా పెట్టి పూడ్చారు.

ఇక జాతుల సంగతి. 2001లో 88 జాతులకు చెందిన 406 మేకల తల్లివైపు డీఎన్‌ఏను పోల్చి చూశారు. ఖండానికీ ఖండానికీ మధ్య ఉన్న తేడా మొత్తం వైవిధ్యంలో పదో వంతే. ఆవుల్లో అది సగానికి పైగా ఉంటుంది. కారణం సులువుగానే తోస్తుంది. మేకను ఓడెక్కించవచ్చు, ఒంటె వెంట నడిపించవచ్చు, ఏ ముళ్లకంపయినా తిని బతుకుతుంది. యమునా తీరపు ఇటావా ప్రాంతంలోని జమునాపారీ డచ్చివారి కాలంలో జావాకు చేరింది. అక్కడి చిన్న మేకలతో కలిసి ‘పెరానాకాన్ ఎటావా’ అయింది. ఊరి పేరు కూడా ఓడెక్కిందన్న మాట. నిజాం రాజ్యంలో భాగమైన ఉస్మానాబాద్ పేరు నల్ల మేకకు స్థిరపడింది. ఊరి పేరు ధారాశివ్‌గా మారినా మేక పేరు మారలేదు. నన్నడిగితే ‘స్వచ్ఛమైన జాతి’ అనేది సంతలో ధర పెంచడానికి పనికొచ్చే మాట.

స్వచ్ఛత మరీ ఎక్కువైతే ఎవరికి లాభమో చెప్పే ముచ్చట ఒకటుంది. కాలిఫోర్నియా దగ్గరి శాన్ క్లెమెంటే దీవిలో ఏళ్ల తరబడి బయటి రక్తం కలవకుండా ఉండిపోయిన మేకలు ఒకప్పుడు ఉండేవి. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యుప్రతులు ఇంచుమించు ఒకేలా ఉంటే చదవడం తేలిక కాబట్టి, 2017లో వెలువడిన మేలైన మేక జన్యుపటానికి ఆ జాతి పోతునే ఎంచుకున్నారు. దాని పేరు పాపడమ్. అవును, మన అప్పడమే!

2019 పశుగణన ప్రకారం మన దేశంలో మేకలు 14 కోట్ల 88 లక్షలు. వాటిలో సగానికి పైగా గుర్తింపు పొందిన ఏ జాతికీ చెందనివే. మన వాళ్లు వాటిని నాటు మేకలంటారు.