ఉపవాస మాసం - హలీం రుచి

రంజాన్ సాయంత్రాల్లో చార్మినార్ పరిసరాల్లోనే కాక నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల్లో సైతం హలీం భట్టీల ముందు జనం గుమిగూడుతారు. ఆకలిని ఓర్చుకోవటం నేర్పే మాసం రుచుల మాసంగా మారిందని ధర్మచింతన గలవారు బాధపడుతుంటారు. ఈ బాధ మన నగరంలో పుట్టినది కాదు. తొమ్మిది వందల ఏండ్ల నాటిది.

ఇమామ్ గజాలీ (రహ్మ) 1091 నుండి 1095 వరకు బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో బోధించారు. తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఉపవాస రహస్యాలను వివరిస్తూ, ప్రజలు రంజాన్ కొరకు పదార్థాలు కూడబెట్టి, మరి కొన్ని నెలల్లో కూడా తిననంత ఆ ఒక్క నెలలో తింటున్నారని ఆక్షేపించారు. పగలంతా ఆకలిగొన్న కడుపును రాత్రి నిండా నింపితే కోరిక అణగదనీ, మరింత బలపడుతుందనీ హెచ్చరించారు.

అదే బాగ్దాదులో 1226లో ముహమ్మద్ బిన్ హసన్ బాగ్దాదీ 'కితాబుత్తబీఖ్' అనే వంటల గ్రంథం రచించారు. లోకంలోని సుఖాలను ఆరుగా లెక్కించి, భోజనానికే అగ్రస్థానమిచ్చారు. మాంసం, గోధుమలు కలిపి తెల్లవార్లూ ఉడికించే 'హరీసా' ఆ గ్రంథంలో ఉంది. నేటి హలీంకు అది పూర్వరూపం. నిజాముల సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బులు బార్కస్‌లో స్థిరపడి హరీస్ వండే అలవాటును నిలిపారు. హైదరాబాదీ వంటవారు పప్పులు, నెయ్యి, మసాలాలు చేర్చి హలీంకు తమ రుచి దిద్దారు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

మరి ఈ ఇద్దరిలో ఎవరి మాట పాటించాలి? ఇస్లాంలో సన్యాసం లేదు. నిత్యం ఉపవాసముంటానని పూనుకున్న సహచరుణ్ణి మహాప్రవక్త (స) వారించారు. తాము ఉపవాసం పాటిస్తామనీ, విరమిస్తామనీ తెలిపారు. తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్నది దివ్య ఖుర్ఆన్ (7:31) బోధ. గజాలీ సైతం రుచిని నిషేధించలేదు. భోజన మర్యాదలకు ఒక భాగం, ఆకలిని అదుపుచేయటానికి మరొక భాగం కేటాయించారు.

ఉపవాసి రాత్రివేళ మామూలు రోజుల్లో రాత్రి తినేంతే తినాలనీ, పగటి భోజనాన్ని కూడా దానికి చేర్చరాదనీ ఆయన సూచన. ఆ కొలత పాటిస్తే హలీం తినటంలో తప్పులేదు. అలా మిగిలిన పగటి భోజనం మాత్రం ఆకలితో ఉన్న పొరుగువానికి చేరాలి.