కాలువ దారిని వచ్చిన నవ్వులు

గత సంక్రాంతి సెలవులలో మా గ్రామ గ్రంథాలయమునందు పెద్దలు కూడి, గ్రామచరిత్ర వ్రాయింపవలయునని ఒక సభ చేసిరి. మాది నరసాపురము దాపున కాలువ నానుకొనియున్న పల్లె. నేనును ఆ సభకు పోయితిని. మొదటి జాము కాటను దొరగారితోడనే గడచినది. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలగుట, 1852లో అది ముగియుట, కాలువలు పాఱి పడవలు నడచుట, మొగలితుఱ్ఱు దివాణము, శిస్తులు, తగవులు: ఇవి మీరెఱిగినవే గనుక మరల చెప్పి విసిగింపను.

అంతట ఒక యువకుడు లేచి, తొలినాటి సినిమా హాస్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదననెను. సినిమాకును చరిత్రకును పొత్తేమని పదవి విరమించిన ఉపాధ్యాయులొకరు బిగ్గరగానే యనిరి. నాకును లోలోపల అట్లే తోచినదని ఒప్పుకొనవలయును.

యువకుడు తొణకలేదు. 1895 డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియే సోదరులు రుసుము పుచ్చుకొని కదలెడి బొమ్మలు చూపినప్పుడే అందొక హాస్యచిత్రముండెనట. తోటమాలి గొట్టముతో మొక్కలకు నీరు పెట్టుచుండును. పిల్లవాడొకడు వెనుకనుండి గొట్టమును త్రొక్కును. నీరాగును. ఏమైనదోయని మాలి గొట్టపు మూతిలోనికి తొంగిచూచును. పిల్లవాడు కాలు తీయును. ఇంతే కథ, నిమిషము పట్టదు. ముసలివారందఱు పకపక నవ్విరి. పొలమునకు నీరు పెట్టువారికి ఈ పరిహాసమును వివరింప బనిలేదు గదా!

తరువాత మచిలీపట్టణమున బుట్టిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతమున యంత్రము కొని ఊరూర బొమ్మలు చూపిన సంగతి చెప్పెను. వారి కుమారులు ప్రకాశ్‌గారే 1940లో ‘బారిష్టరు పార్వతీశము’ను చిత్రముగా దీసిరి. పార్వతీశము మా మొగలితుఱ్ఱువాడు. మొక్కపాటివారి కలమున బుట్టినవాడైనను మా వైపువారు వానిని చుట్టముగానే యెంతురు. ఆ పేరు వినుటతో ఉపాధ్యాయులవారును సర్దుకొని కూర్చుండిరి.

మూగచిత్రముల నాడు తెర ప్రక్కన నిలిచి కథ చెప్పు వ్యాఖ్యాత యొకడుండెడివాడు. 1949లో ‘గుణసుందరి కథ’తో ఆంధ్రదేశమునెల్ల నవ్వించిన కస్తూరి శివరావుగారు తొలుత ఈ పని చేసినవారే. ఈ మాట రాగానే, తొంబదియేండ్లు దాటిన మా వీధి తాతగారు కఱ్ఱ యూతగా లేచిరి.

“నేను చూడలేదు బాబూ, మా నాయన చెప్పగా విన్నాను. ఆ చెప్పేవాడు పొద్దున్నే మన ఊరు తిరిగి, ఎవరు ఎలాంటివారో కనుక్కునేవాడట. రాత్రి తెరమీద లావుపాటి దొర నీళ్ళలో పడేసరికి, ‘అడుగో, మీ లాకు లస్కరు!’ అన్నాడట. లస్కరు ముందు వరసలోనే ఉన్నాడట!”

గొంతు మార్చి, చేయి త్రిప్పి, ఆ వ్యాఖ్యాత చెప్పినట్లే తాతగారు చెప్పి చూపిరి. అప్పుడు నాకు తెలివి కలిగినది. మన దేశమున పదమూడువందలకు పైగా మూగచిత్రములు వచ్చినవందురు. మిగిలినవి మిక్కిలి కొలది. పుణెలో చిత్రములను భద్రపఱచు సంస్థ 1964లో గాని వెలయలేదు. ఆ మిగిలినవాటినైనను తెరమీద చూడవచ్చును గాని, ఆనాడు మా యూర దాని ప్రక్కన పలికిన మాట ఏ సంస్థలోను లేదు. అది తాతగారి నోట నున్నది. వారికి తొంబది దాటినవి.

వెంటనే కాగితము తెప్పించి వ్రాయనారంభించితిని. అయితే ఒక చిక్కు వచ్చినది. ఆ లస్కరు మనుమడు సభలోనే యుండెను. మీ తాతగారి పేరు గ్రామచరిత్రకు ఎక్కింపవచ్చునా యని యడిగితిమి. అతడు కొంతసేపు నేలచూపు చూచి, “రాయండి. కాని తెల్లవారి మా తాత మధ్యాహ్నందాకా లాకు తియ్యలేదు, ఆ బొమ్మల పడవ అక్కడే ఎండలో ఉండిపోయింది, అదీ రాయండి” అనెను.

రెండును వ్రాసికొంటిమి.