పదకొండు కిలోల పెట్టె

ఆ మొద్దు జర ముంగటికి నూకు బిడ్డా, మంట కుంగుతున్నది. పొద్దుగాలసంది మీ ఇద్దరి కొట్లాట ఇంటనే ఉన్న. నీకు హైదరాబాద్‌ల ఆర్కిటెక్చర్ సీటొచ్చె, తమ్మునికి కంప్యూటర్ సైన్సాయె. ఇద్దరికి ల్యాప్‌టాపులు గావాలె. సంచిల ఏస్కపోయే అల్కటిది తీస్కోవాల్నా, ఎంత పనైనా గుంజే గట్టిది తీస్కోవాల్నా? గీ పంచాది మీతోని షురూ గాలే. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీల రిపేరు బల్ల ముంగట జిందగీ ఎల్లదీసినోణ్ని, నేను ఇప్పని మిషిను లేదు. అయితే ఈ ముచ్చట సీటీసీ కాడికెంచి చెప్తే తెల్వదు. తిరువణ్ణామలై కాడికెంచి చెప్పాలె.

నవ్వకుండ్రి. రమణ మహర్షి దగ్గరికి వచ్చినోళ్లల్ల ఆర్థర్ ఆస్బర్న్ అని ఒక ఇంగ్లీషాయన ఉండె. బ్యాంకాక్‌ల పాఠాలు చెప్తుంటే రెండో ప్రపంచయుద్ధంల జపానోళ్లు పట్టి క్యాంపుల ఏసిండ్రు. పెండ్లాం పిల్లలు మాత్రం గా తిరువణ్ణామలైలనే, ఆశ్రమాన్ని నమ్ముకొని ఉన్నరు. ఆ పిల్లల్ల ఒకడు ఆడమ్, 1939ల పుట్టినోడు. కొడైకెనాల్‌ల బడికి పోయిండు, తర్వాత ఇంగ్లండ్‌ల చదివిండు, ఆడికెంచి అమెరికా పోయిండు. 1981ల ఆ ఆడమ్ ఆస్బర్నే ఒక పెట్టెను అమ్మకానికి పెట్టిండు. పేరు ఆస్బర్న్ 1. చేతవట్టుకొని పోయే కంప్యూటర్లల్ల బజార్ల మంచిగ అమ్ముడువోయిన మొదటిది అదే.

ఎంత బరువనుకుంటున్నరు? 11 కిలోలు. మూత ఊడదీస్తే ఆ మూతే కీబోర్డు. నడిమిట్ల 5 అంగుళాల తెర, అటొకటి ఇటొకటి ఫ్లాపీ డ్రైవులు. మెమరీ 64 కిలోబైట్లు. వరుసకు 52 అచ్చరాలే కనవడ్తుండె, మిగిలినయి సూడాల్నంటే తెర మీది రాతను పక్కకు జరుపుకోవాలె. బ్యాటరీ లేదు, గోడకు ప్లగ్గుంటేనే పని. ధర 1,795 డాలర్లు. అయితే వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ అసొంటి ప్రోగ్రాములు దాంతోనే ఇచ్చిండు, ఇడిగ కొంటే వాటి ఖరీదే మిషిను ఖరీదుకు దగ్గర దగ్గర అయితుండె. ఇమానంల సీటు కింద పట్టేటట్టు కొలత జూసి కట్టిండ్రు. బలంల మాత్రం ఆ కాలపు బల్లమీది మిషిన్లకు ఏం తీసిపోలే. బలం ఇసుమంత తగ్గించకుండ పెట్టెకు పిడి ఏసి, బరువును మనిషి భుజానికి అప్పజెప్పిండ్రన్నట్టు.

రెండేండ్లకే, 1983ల, కంపెనీ దివాలా తీసింది. ఇంతకంటే మంచిది వస్తున్నదని ముందే చాటింపేస్తే జనం ఉన్నదాన్ని కొనుడు ఆపిండ్రని అంటరు. ఇప్పటికీ వ్యాపారంల అసొంటి దెబ్బను ఆస్బర్న్ ఎఫెక్ట్ అనే పిలుస్తరు. నన్నడిగితే అదొక్కటే గాదు, కాంపాక్ దెబ్బ గూడ ఉన్నది. హ్యూస్టన్‌ల ముగ్గురు ఇంజినీర్లు పెట్టిన ఆ కంపెనీ పెట్టె ఇంకా బరువు, 13 కిలోలకు జరంత తక్కువ. గని తెర 9 అంగుళాలు, పైంగ ఐబీఎం మిషిన్ల నడిచే ప్రోగ్రాములు దాంట్ల ఉన్నయి ఉన్నట్టు నడుస్తుండె. తమ పని నడుస్తదని తెలిసినంక మనుషులు ఇంకో రెండు కిలోలు ఎక్కువ మోసెటందుకు ఎన్కాడలే. ఆడమ్ సంగతంటరా, ఆఖరి రోజులల్ల జబ్బుతోని మల్ల మన దేశానికే వచ్చిండు, 2003ల కొడైకెనాల్‌ల పోయిండు. గా కొండ మీది ఊరికి ఒక ఫలకం ఉంటే బాగుండు అనిపిస్తది నాకు.

అదే కాలంల, 1982ల, గ్రిడ్ కంపాస్ అని ఇంకోటి వచ్చింది. బిల్ మోగ్రిడ్జ్ గీసిన గీత అది. తెరను కీబోర్డు మీదికి మడతపెట్టుడు, ఇయ్యాల మీ ల్యాప్‌టాపులన్ని మూసుకునే తీరు, గాడ్నే షురూ అయింది. ఒళ్లంత మెగ్నీషియం, 5 కిలోల కాడ బరువు. లోపలి ఉడుకును ఆ ఒళ్లే బైటికి తీసుకపోతుండె. నాసావోళ్లు స్పేస్ షటిల్‌ల ఏస్కొని ఆకాశానికి గూడ తీస్కపోయిండ్రు. ధర 8,150 డాలర్లు. ఆస్బర్న్ పెట్టెలు నాలుగొస్తయి ఆ పైసలకు, ఇంకా చిల్లర మిగుల్తది. బరువు దించాల్నంటే పైసలు కట్టాలె, పైసలు మిగలాల్నంటే భుజం మీద బరువు ఎత్తుకోవాలె. మీరు ఇయ్యాల ఫోన్ల సూస్తున్న ధరల్ల గూడ ఇదే ఉన్నది, జర నిదానంగ సూడుండ్రి.

మీరిద్దరు కొట్లాడుతున్న తీరుగనే ఈ పంచాది బజార్లకొచ్చింది 1991ల. ఆపిల్ ఒక్కపారే మూడు పవర్‌బుక్కులు దించింది. 100 అన్నది 2.3 కిలోలు, ఫ్లాపీ డ్రైవు లోపల పెట్టకుండ అల్కగ చేసిండ్రు. 170 అన్నది 3 కిలోల పైన, బలమైనది, తెర గూడ మేలైనది. ఒకే కంపెనీ, ఒకే దుకాణం, రెండు రకాల మనుషులు. నడిమిట్ల 140 ఎటూ తేల్చుకోలేనోళ్ల కోసం.

నేను సీటీసీల కుదురుకొని చాన ఏండ్లయినంక పెంటియం 4 దినాలొచ్చినయి. బల్లమీది కంప్యూటర్ల పెట్టే చిప్పునే తెచ్చి ల్యాప్‌టాపుల ఇరికించిండ్రు. ఒళ్లె పెట్టుకుంటే తొడలు కాలుతుండె. ఫ్యాను మొత్తుకునుడు పక్క దుకాణందాక ఇనవడేది. గప్పుడు ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు 17 అంగుళాలది కొనుక్కుండు, పెద్దగ కనవడాల్నని. స్కూటర్ మీద ఊరంత తిరిగే మనిషి. కొన్నాళ్లకు మల్ల చేతిల డైరీ, జేబుల క్యాల్కులేటరు. ల్యాప్‌టాప్ ఏదన్నా అంటే ఇంట్ల ఉన్నదన్నడు, పిల్లలు పాటలింటున్నరట.

అట్లని బరువైనది కొన్నోళ్లందరు ఆగమైండ్రనుకోకుండ్రి. పెండ్లిళ్ల వీడియోలు తీసే పిలగాడు ఒకడు వస్తుండె నా దగ్గరికి. ఫంక్షన్ హాల్ల మూల రూములనే కూసొని రాత్రంత ఎడిటింగ్ చేసి, రిసెప్షన్ నాటికి తెర మీద ఆడిస్తడు. వానికి బలం గావాలె, పోయిన జాగల ప్లగ్గు దొరుకుతది, పెట్టెను కారు మోస్తది, వాడు మోయడు. వానికి అల్కటిది అంటగడితే పాపం తగుల్తది. ఎదురుగ పెండ్లి పత్రికల ప్రెస్సాయన ఉండె, అందరికంటే గట్టిది గావాలె అంటడు. ఆయన జేసేది పేజ్‌మేకర్‌ల అను ఫాంట్లతోని లగ్నపత్రిక. దానికి ఏదైనా సరిపోతది. ఎంత చెప్పినా ఇనకపోవు.

2003ల ఇంటెల్ పెంటియం ఎం తెచ్చింది, ఇజ్రాయెల్‌ల హైఫాల ఉన్న వాళ్ల టీమ్ తయారుచేసింది. దాని గిగాహెర్ట్జ్ అంకె పెంటియం 4 కంటే తక్కువ, పని మాత్రం దానికంటే చురుకు, కరెంటు తక్కువ తాగుతుండె. మా దుకాణంల దాన్ని అమ్ముడంటే గండం. అంకె తక్కువున్నది, ధర ఎక్కువున్నది, మమ్మల్ని ముంచుతున్నరా అని గిరాకీలు లేస్తుండె. అంకె మీద మనోళ్లకున్న భక్తి అప్పటికి ఇప్పటికి తగ్గలే.

ఇగ 2008 జనవరిల స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద కాయితపు కవర్లకెంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను తీసిండు. 1.36 కిలోలు. ధర 1,799 డాలర్లు. ఆస్బర్న్ పెట్టె 1,795 గదా, 27 ఏండ్లకు 4 డాలర్ల ఫరక్, బరువు ఎనిమిదో వంతు. గని ఆ మొదటి ఎయిర్ జాలిపడే తీర్గ ఉండె: ఒకటే యూఎస్‌బీ, సీడీ డ్రైవు లేదు, హార్డ్ డిస్కు బక్కది. ఆస్బర్న్ చేసిందానికి ఉల్టా, బరువంత దించి బలాన్ని గూడ దించిండ్రు. బలం రావడానికి ఇంకా చాన ఏండ్లు పట్టింది.

ఇదంత ఎందుకు చెప్తున్ననంటే, అసలు సంగతి ఉడుకు. చిప్పు ఎంత కరెంటు తాగితే అంత ఉడుకు కక్కుతది. అల్కటి ల్యాప్‌టాపుల ప్రాసెసరు లెక్క ఏండ్లకేండ్లు 15 వాట్ల కాడ ఉన్నది, గట్టిదాంట్ల 45, గ్రాఫిక్స్ కార్డుది వేరే లెక్క. ఆ ఉడుకు బైటికి పోవాల్నంటే రాగి గొట్టాలు గావాలె, ఫ్యాన్లు గావాలె, గాలి తిరిగే జాగ గావాలె. ఆ రాగి గొట్టం తమాషా ఉంటది. లోపల జరంత ద్రవం ఉంటది. చిప్పు కాడ ఆవిరైతది, ఫ్యాను కాడ సల్లవడి మల్ల ఎన్కకు వస్తది. మోటరు లేదు, ఏం లేదు. కంపెనీలు తెలివి లేక బరువు పెంచుతలేరు, ఆ బరువంత రాగి, ఫ్యాన్లు, బ్యాటరీ.

అల్కటిది షురూల జోరుగనే ఉరుకుతది. జాతరల పరుగు పందెం గెల్చిన ఎద్దు పొద్దుమీకిందాక నాగలి గుంజుతదా? గంతే. ఎం1 చిప్పు వచ్చిన 2020ల ఇది సాఫ్‌గ కనవడ్డది. ఒకటే చిప్పును రెండిట్ల పెట్టిండ్రు. ఎయిర్‌కు ఫ్యానే లేదు, 1.29 కిలోలు. 13 అంగుళాల ప్రోకు ఫ్యానున్నది, 1.4 కిలోలు. చిన్న చిన్న పనులల్ల ఏది ఏదో గుర్తువట్టలేరు. పెద్ద వీడియో రెండరుకు పెట్టి కూసుంటే కొద్దిసేపటికి ఎయిర్ మెల్లగైతది, ప్రో అదే నడక నడుస్తది.

బజార్ల ఇంకో మాయ ఉన్నది. ఆర్‌టీఎక్స్ 4060 అని స్టిక్కరు అంటిస్తరు. అదే కార్డుకు ఒక కంపెనీ 35 వాట్లిస్తది, ఇంకో కంపెనీ 115 ఇస్తది. పేరు ఒకటే, పనిల నేలకు నింగికి ఉన్నంత ఫరక్. దుకాణపాయన పేరు చెప్తడు, వాట్లు చెప్పడు. అడగంది ఎవ్వడు చెప్పడు.

బ్యాటరీ సంగతి ఇనుండ్రి. ఇమానంల 100 వాట్-అవర్లు దాటితే ఇమాన కంపెనీ ఒప్పుకోంది తీస్కపోనియ్యరు. అందుకే పెద్ద ల్యాప్‌టాపుల బ్యాటరీ 99 కాడ ఆగుతది. నూరు వాట్లు గుంజే పని పెడ్తే గంట గూడ రాదు. గా లెక్క తెలుసు గనుకనే ప్లగ్గు పీకంగనే ఆ మిషిను తనంతట తాను మెత్తవడ్తది. దాని బలం సగానికి సగం గోడల ఉన్నది, ఆస్బర్న్ పెట్టెకు ఉన్నట్టే. దానికి తోడు చార్జరు 230 వాట్లదైతే అదొక్కటే ముప్పావు కిలో అటుఇటు. అల్కటిదానికి ఫోన్ చార్జరసొంటిదే సరిపోతది.

మన ఊరి సంగతి ఇంకోటి. పత్తి ఏరి ఇంట్ల కుప్ప పోస్తరు గదా, ఆ దూది పోగులు ఫ్యాను నోట్ల చాపోలె పేరుకపోతయి. గట్టి మిషిను గట్టిగ గాలి పీలుస్తది గనుక దానికే ఎక్కువ పడుతది. దసరా నుంచి సంక్రాంతి దాక నా దగ్గరికొచ్చే పల్లెటూరి ల్యాప్‌టాపుల నుంచి దూది తీసుడే పని. బ్రష్షుతోని తీస్తే మిషిను లేచి కూసుంటది, వాళ్లేమో నేనేదో కొత్త పార్టు ఏసిననుకుంటరు.

ఇప్పుడు మీ సంగతి. బిడ్డా, నీకు రెవిట్ గావాలె అంటున్నవు, అది విండోస్‌లనే నడుస్తది, ఆపిల్ దిక్కు సూడకు. రెండరింగ్‌కు గట్టిదే గావాలె, నిజమే. గని ఆర్కిటెక్చర్ అయిదేండ్ల చదువు. మొదట్ల చేతితోనే గీతలు, డ్రాయింగ్ బోర్డు, అట్టలతోని మోడళ్లు. ఇప్పుడు లచ్చన్నర పోసి కొన్నది నీ థీసిస్ నాటికి ముసలిదైతది. హాస్టల్‌కెంచి కాలేజీకి డ్రాయింగ్ గొట్టం, టీ-స్క్వేరుతోని పోతూ మూడు కిలోలు ఎందుకు మోస్తవు? ముందుగాల సీనియర్లను అడుగు, రెండర్లు ఎక్కడ చేస్తరని. కాలేజీ ల్యాబుల చేస్తమంటే ఆగు. మూడో ఏడు పైసలు నేను సర్దుత, అప్పుడు వాట్లు అడిగి మరీ కొందం. ఆగలేనంటవా, అప్పుడు బరువైనదే తీస్కో, నడిమిది మాత్రం వద్దు. నడిమిది మోసెటప్పుడు బరువే ఉంటది, పని పెడితే చాలది. నేను అట్లాంటియి ఎక్కువ చూసిన బల్ల మీద.

ఓరేయ్, నువ్వు. కోడ్ రాయడానికి అల్కటిదే చాలు. 16 జీబీ మెమరీ ఉన్నదే తీస్కో, చాన అల్కటివాటిల మెమరీని బోర్డుకే అతికించి పెడ్తున్నరు, తర్వాత ఏసుకుందామంటే జాగనే ఉండదు. కీబోర్డు మీద జరసేపు కొట్టి చూడు, మూత ఒంటిచేతితోని తెరిచి మూసి చూడు, బిజాగిరి వదులున్నది నాలుగేండ్లు రాదు. మెషీన్ లెర్నింగ్ అంటవా, దానికి ఇంటర్‌నెట్ల కిరాయికి పెద్ద మిషిన్లు దొరుకుతయి, నీ సంచిల మోసుడెందుకు.

మొహం ఎందుకట్ల పెడ్తున్నవు? ఎర్ర లైట్లు ఎలిగే కీబోర్డుది మనసుల ఉన్నదా? నాకు తెల్వదా. గేమ్ ఆడుకునుడు తప్పు గాదు, దానికి గట్టిది గావాలె, ఆ సంగతి సీదా చెప్పు. కోడింగ్‌కు గావాలె నాయినా అని మాత్రం మీ నాయినకు చెప్పకు. వాడు గూడ నా బల్ల పక్కన పెరిగినోడే, 2004ల నాకు గదే చెప్పి గట్టిది కొనిపిచ్చుకుండు.